రెండో బల్ల మీది పండుగప్ప

మా ఇంట్లో ఇద్దరిది చేపల పని. అమ్మ చేపను కోస్తుంది. అక్క అది ఏ చేపో చెబుతుంది. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సు దిగి, ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చి, ఒకే గోడకు చేరగిలబడతారు. ఎవరు ఎక్కువ అలిసిపోయారన్నది మా ఇంట్లో ఎప్పటికీ తేలని తగువు.

"నీకేమే, చల్లగా ఏసీలో కూర్చుని గొట్టాలు ఊపుతావు," అంటుంది అమ్మ.

"ఒక్కరోజు వచ్చి ఊపు, తెలుస్తుంది," అంటుంది అక్క కళ్ళు తెరవకుండానే.

"నాకూ ఏసీయేలే. ఐసుగడ్డల ఏసీ."

నేను టీ పెట్టి ఇస్తాను. బడి నుంచి వాళ్ళకంటే ముందే వస్తాను కాబట్టి ఆ పని నాది. నాన్న ఐసు లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ ఉంటాడు. ఆయన కూడా ఉన్న రోజున తగువుకు ముగ్గురవుతారు.

అమ్మ పనిచేసే ఫ్యాక్టరీ పట్నం చివర ఉంది. లోపలికి వచ్చిన చేపకు మొదటి బల్ల దగ్గర తలా, తోకా, తోలూ తీసేస్తారు. రెండో బల్ల అమ్మ వాళ్ళది. అక్కడ ముళ్ళు లాగి, అంచులు సరిచేసి, ముక్కలు కోసి ట్రేలలో పేరుస్తారు. ట్రే నిండగానే పక్క గదిలోకి పోతుంది. అక్కడ పెట్టెలో పెట్టి పేరు అంటిస్తారు. రోజంతా రబ్బరు బూట్లలో నిలబడటం వల్ల ఇంటికొచ్చాక అమ్మ పాదాలు నానబెట్టిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి.

అక్క ల్యాబ్ అదే పట్నం నడిబొడ్డున ఉంది. హోటళ్ళ నుంచి, కొట్ల నుంచి తెచ్చిన చేపముక్కలు అక్కడికి వస్తాయి. తోలు తీశాక తెల్ల చేపలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయట. అందుకని చవక చేపను పండుగప్పలాంటి ఖరీదైన చేప పేరుతో అమ్మేస్తారట. కానీ ముక్క ఎంత చిన్నదైనా దాని డీఎన్ఏ దానిలోనే ఉంటుంది. ఉప్పూ కారం పట్టించినా పోదు. అక్క ఆ డీఎన్ఏను బయటికి తీసి, పండుగప్పకు మాత్రమే స్పందించే మందు కలుపుతుంది. పండుగప్ప అయితే చివరికి ఒక గీత కనబడుతుంది. కాకపోతే ఏమీ ఉండదు. ఇదంతా అక్క నాకు అన్నం తింటూ చెప్పింది. మొదట్లో ఉత్సాహంగానే చెప్పేది. ఇప్పుడు అడిగితే, "గీతలే, గీతలు. నా నుదుటి మీద కూడా అవే," అంటోంది.

అక్కది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది ఆ నెలాఖరుకు పెద్ద మేడమ్ పైవాళ్ళకు చెప్పాలి. పెద్ద మేడమ్ అంటే అక్క పై అధికారి. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసేది.

ఆ నెలలోనే ల్యాబ్ ఫ్రీజరు చెడిపోయింది. పరీక్ష చేసిన ప్రతిసారీ, ఇది కచ్చితంగా పండుగప్పే అని తెలిసిన ముక్కను ఒకదాన్ని మిగతా వాటితో పాటు పెట్టాలి. దానికి గీత వస్తేనే పరీక్ష సరిగ్గా జరిగినట్టు. ఆ తెలిసిన ముక్కలన్నీ ఫ్రీజరులో కరిగి కుళ్ళిపోయాయి.

"తలతో, తోలుతో ఉన్న చేపను కొని, చూసి, ఫొటో తీసి, అప్పుడు ముక్క కోసుకోవాలి. అదీ రూలు," అంది అక్క ఆ సాయంత్రం. "ఇప్పుడు నేను రేవుకు ఎప్పుడు పోను, చేప ఎప్పుడు కొనను? బల్ల నిండా హోటళ్ళ ముక్కలు పేరుకుపోయాయి. పెద్ద మేడమేమో ఈ వారంలోనే అయిపోవాలంటోంది. తల ప్రాణం తోకకొస్తోంది."

"పండుగప్పేగా?" అంది అమ్మ. "దానికి ఇంత బెంగెందుకే? రోజూ నా చేతుల మీదుగా పోయేది అదే. రేపు మంచి ముక్క చూసి ఇస్తాను."

అక్క కళ్ళు తెరిచింది. "నిజంగానా?"

"మీ అమ్మను ఏమనుకున్నావు?"

అమ్మ ముఖం ఆ రోజు వెలిగినంతగా మరెప్పుడూ వెలిగినట్టు నాకు గుర్తు లేదు. చదువుకున్న కూతురికి తన బల్ల దగ్గరి వస్తువు అవసరం పడింది.

మర్నాడు మా బడికి సెలవు. అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళింది. ఫ్యాక్టరీ వెనక గుమ్మం దగ్గర నిలబడితే, కాసేపటికి స్టీలు డబ్బా తెచ్చి, ల్యాబుకు వెళ్ళి అక్కకు ఇచ్చి రమ్మంది. లోపల ఐసు, ఐసు మధ్య ప్లాస్టిక్ కవరులో తెల్లటి ముక్క. అమ్మ వెనకే రేడియో అత్త కూడా వచ్చింది. ఆవిడది అమ్మ పక్క చోటే. నోరు ఆగదు కాబట్టి అందరూ రేడియో అంటారు.

"పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపుతోందే మీ అమ్మ! ట్రే అంతా కెలికి కెలికి ఏరింది. ఒసేయ్ పిల్లా, దారిలో మూత తియ్యకు, పిల్లులు వెంటపడతాయి."

నేను తల ఊపాను. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. తెలిసినవాళ్ళ ముందు కూడా అంతంత మాత్రమే. ల్యాబ్ గేటు దగ్గర కాపలా తాతయ్య ఎవరు కావాలని అడిగితే డబ్బా చూపించాను.

"క్యారేజీయా? మీ అక్కకా? మాట్లాడితే ముత్యాలు రాలతాయా?" అని ఆయనే లోపలికి కబురు పంపాడు.

అక్క నన్ను గాజు తలుపు దాకా రానిచ్చింది. అటువైపు తను గ్లౌజులు తొడుక్కుని, ముక్క పైపొరను తీసి పక్కన పెట్టి, లోపలి నుంచి బియ్యపు గింజంత కోసి గొట్టంలో వేసింది. పైపొర మీద వేరే చేపల తడి అంటి ఉండవచ్చట. అంత జాగ్రత్త చేసింది. నేను కళ్ళారా చూశాను. ఒకే ఒక్క జాగ్రత్త చేయలేదు. అమ్మ ఇచ్చింది కదా అని ఆ ముక్క ఏ చేపదో అడగలేదు.

ఆ వారం చివర్లో అక్క బస్సు దిగి గోడ దగ్గరికి కూడా రాలేదు. గుమ్మంలోనే కూలబడింది. చెప్పులు విప్పలేదు.

"గీత రాలేదు," అంది.

"ఏ గీత?" అంది అమ్మ.

"తెలిసిన ముక్కకి. హోటళ్ళ ముక్కల్లో కొన్నింటికి వచ్చింది. దానికి రాలేదు. అంటే మందు పనిచేస్తోంది, మిషను పనిచేస్తోంది. నేను గొట్టాలు తారుమారు చేశానంటున్నారు. తారుమారైతే ఆ పరీక్షంతా చెత్తబుట్టలో వెయ్యాలి. నేను చెయ్యలేదమ్మా. ప్రతి గొట్టం మీదా నా చేత్తో నంబరు వేశాను."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు దారిలో డబ్బా ఎక్కడైనా పెట్టావా? ఎవరికైనా ఇచ్చావా?"

లేదని తల ఊపాను.

"నోటితో చెప్పు."

"లేదు," అన్నాను. ఆ ఒక్క మాటకే గొంతు వణికింది. నిజం చెబుతున్నా నేను వణుకుతాను. అందువల్ల చాలామంది నన్ను నమ్మరు.

"దాన్నెందుకు పీక్కుతింటావు?" అంది అమ్మ. "అది డబ్బాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. మీ మిషన్లే చూసుకోండి."

ఆ రాత్రి మా ఇద్దరి చాపల మధ్య ఎప్పటికంటే ఎక్కువ ఎడం ఉంది.

ల్యాబ్‌లో ఇంకో మిషను ఉంది. అది అవునో కాదో చెప్పి ఊరుకోదు, డీఎన్ఏను అక్షరం అక్షరం చదివి ఏ చేపో చెబుతుంది. మిగిలిన ముక్కను అక్క ఎవరికీ చెప్పకుండా దానికి పెట్టింది. జవాబు వచ్చిన రోజు ఇంటికొచ్చి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, నువ్విచ్చింది ఏ చేప?"

"పండుగప్ప."

"బాసా. చెరువులో పెంచే చవక చేప."

అమ్మ పాదాలకు నూనె రాసుకుంటోంది. చెయ్యి ఆగింది. మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది.

"మా దగ్గర దాన్ని పండుగప్పే అంటారు," అంది.

"అంటే?"

"అంటే ఏముందే! మొదటి బల్ల దగ్గర అది బాసాయే. తోలు ఊడిపోయి మా బల్ల మీదికొచ్చేసరికి సూపర్‌వైజరు 'పండుగప్ప రెండు ట్రేలు' అని అరుస్తాడు. మేమూ 'పండుగప్ప అయిపోయింది, పండుగప్ప ఇలా తోయండి' అంటాం. చేరిన రోజు నుంచీ అంతే. మొదట్లో రేడియో, నేనూ నవ్వుకునేవాళ్ళం. తర్వాత నవ్వు కూడా రాలేదు. పేరు అలా స్థిరపడిపోయింది. నువ్వు పండుగప్ప అడిగితే పండుగప్ప ట్రేలోంచి తీశాను. ఉన్నవాటిలో మంచిది తీశాను."

"నీకు తెలుసు కదమ్మా అది కాదని!"

"తెలుసు. అడిగితే తెలుసు. నువ్వు అడిగినప్పుడు మాత్రం..." అమ్మ ఆగింది. తన నోటి నుంచి తాను అనుకోనిది వస్తున్నట్టు నెమ్మదిగా అంది: "నాకు గుర్తు రాలేదే. ఒట్టు. అది బాసా అన్నది నా బుర్రలోకే రాలేదు."

అక్క నవ్వింది. నవ్వాలని నవ్వినట్టు లేదు. "ఊళ్ళో వాళ్ళందరి ముక్కలూ చూసి దొంగ పేర్లు పట్టుకునేది నేను. మా అమ్మ ఇచ్చిన ముక్కను మాత్రం పండుగప్ప అని రాసుకున్నాను."

సంగతి నాకు కూడా అర్థమైంది. ముక్క ఎక్కడిదో అక్క చెబితే ఫ్యాక్టరీ మీదికి తనిఖీ వెళుతుంది. ముక్కను బయటికి ఇచ్చింది ఎవరో తెలిస్తే అమ్మను పనిలో ఉంచరు. చెప్పకపోతే గొట్టాలు తారుమారు చేసింది అక్కే అవుతుంది. గొట్టాలు తారుమారు చేసేవాళ్ళను ఏ ల్యాబూ పర్మనెంట్ చేయదు.

"తారుమారు చేశానని చెప్పేస్తాను," అంది అక్క. "ఇంకో ల్యాబు చూసుకుంటాను. నాకు వయసుంది. నీకు ఇంకో బల్ల ఎవరిస్తారు?"

"చెయ్యని తప్పు చేశానంటావా?"

"నువ్వు కానిదాన్ని పండుగప్ప అనలా?"

అమ్మ నూనె గిన్నెకు మూత పెట్టి పడుకుంది. అక్క లైటు తీసేసింది.

పొద్దున్న నేను లేచేసరికి అక్క బస్సుకు వెళ్ళిపోయింది. అమ్మ వెళ్ళలేదు. పనిమానడం ఎరగని మనిషి, మామూలు చీర కట్టుకుని నా తల దగ్గర కూర్చుని ఉంది.

"ఇవాళ బడి వద్దు. ఆ ల్యాబు గేటు నీకు తెలుసుగా, చూపించు."

ముందు రేవుకు వెళ్ళాం. పడవల దగ్గర అమ్మ ఒక్కో చేపనూ తిప్పి చూసి, చివరికి ఒకటి తీసుకుంది. తలా, తోకా, పొలుసులూ అన్నీ ఉన్నాయి. కన్ను ఇంకా మెరుస్తోంది. అమ్మినవాడు కోసి ఇమ్మంటారా అని అడిగాడు.

"వద్దు బాబూ, ముట్టుకోకు. దీన్ని ఇలాగే చూపించాలి," అంది అమ్మ.

గేటు తాతయ్య సంచిలోంచి తోక బయటికి వేలాడటం చూసి, "ఈసారి క్యారేజీ పెద్దదే!" అన్నాడు. అమ్మకు నవ్వు రాలేదు. పెద్ద మేడమ్‌ను కలవాలంది.

పెద్ద మేడమ్ నేను అనుకున్నంత పెద్దగా లేదు. సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో, చలికి శాలువా కప్పుకుని ఉంది. మమ్మల్ని చూసి అక్క కుర్చీలోంచి లేచింది. ముఖం తెల్లబోయింది.

"అమ్మా, ఎందుకొచ్చావు? వెళ్ళిపో."

"నువ్వుండు." అమ్మ చేపను సింకు పక్కన గట్టు మీద పెట్టింది. "మేడమ్ గారూ, మా అమ్మాయి మీకు ఏం చెప్పిందో నాకు తెలియదు. గొట్టాలు తారుమారు చేశానని చెప్పి ఉంటే అది అబద్ధం. ముక్క ఇచ్చింది నేను. ఇదిగో పండుగప్ప. మీ ముందరే కోయించండి. మీ ముందరే చూడమనండి. గీత రాకపోతే అప్పుడు దాన్ని తిట్టండి."

పెద్ద మేడమ్ చేపను చూసింది, అమ్మను చూసింది, తర్వాత అక్కను చూసింది. "రేవులో కొన్నానని చెప్పావు నాతో," అంది అక్కతో.

అక్క తల దించుకుంది.

"మీరిచ్చిన ముక్క మరి?" అంది అమ్మతో. "అది ఎక్కడిది?"

"మా ఫ్యాక్టరీది."

"దాన్ని పండుగప్ప అని ఇచ్చారా?"

"అవునమ్మా. మా దగ్గర అలాగే అంటారు."

"మీ దగ్గర ఏమంటారని కాదు అడిగేది. అది ఏమిటి?"

అమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. అమ్మకూ నాలాగే మాట పెగలని క్షణం ఉంటుందని అప్పుడే చూశాను. నా చేతిలోని ఖాళీ సంచి కొసను పట్టుకుంది. వెనక ఒక మిషను గిర్రున తిరుగుతోంది. అది ఆగేదాకా అందరం నిలబడే ఉన్నాం.

"బాసా," అంది అమ్మ.

పెద్ద మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది. "ఇది విన్నాక నేను విననట్టు ఉండలేనమ్మా. తెలుసు కదా?"

"తెలిసే వచ్చాను."

"కుర్చీ వెయ్యి మీ అమ్మకి," అంది అక్కతో. "ఆ చేప ఫొటో తీసి పని మొదలుపెట్టు. ఈసారి నేను పక్కనుంటాను."

మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. అమ్మ గోడకు తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోయింది. సాయంత్రానికి అక్క తలుపు తీసి, నాకేసి చూసి, వేలితో గాలిలో ఒక గీత గీసింది. అమ్మను లేపలేదు. నా పక్కన కూర్చుని, "ఆ రోజు డబ్బా గురించి నిన్ను అలా అడగకుండా ఉండాల్సింది," అంది. పర్వాలేదని తల ఊపాను. నోటితో చెప్పమనలేదు.

గొట్టాలు తారుమారు కాలేదన్న అక్క మాట నిలబడింది. కానీ రూలు తప్పినందుకూ, రేవులో కొన్నానని అబద్ధం ఆడినందుకూ పర్మనెంట్ చేయలేదు. ఇంకో ఏడాది టెంపరరీగానే చూస్తామన్నారు. తీసెయ్యలేదు, అదే పదివేలు అంది అమ్మ.

అమ్మ ఆ మర్నాటి నుంచి మామూలుగానే పనిలోకి వెళ్ళింది. ఎందుకమ్మా, ఎలాగూ పంపేస్తారుగా అని అక్క అంటే, "సరుకు ఎక్కువగా వస్తోంది, చేతులు తక్కువున్నాయి," అంది. తనిఖీవాళ్ళు వచ్చిన రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. నేను గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. బూట్లు చేతిలో పట్టుకుని వచ్చింది. ముక్కను బయటికి ఎవరు ఇచ్చారని సూపర్‌వైజరు అడిగితే ఇంకెవరూ మాటపడకూడదని తనే చెయ్యెత్తిందట.

లోపలికి వచ్చి నడిగదిలో నిలబడిపోయింది. పరాయి ఇంట్లోకి వచ్చినట్టు చుట్టూ చూసింది.

"ఈ వేళప్పుడు ఎండ ఇంట్లోకి ఇందాకా వస్తుందటే?" అని అడిగింది.

"రోజూ వస్తుంది," అన్నాను.

అమ్మ చాప వేసుకుని ఆ ఎండలో పాదాలు పెట్టుకుని పడుకుంది. ఎండ జరిగినకొద్దీ నిద్రలోనే తనూ జరుగుతూ వచ్చింది.

తర్వాత ఒక సెలవురోజున రేడియో అత్త వచ్చింది. ఆ రోజు అక్క కూడా ఇంట్లోనే ఉంది. ఆవిడ కూర్చోకముందే మొదలుపెట్టింది.

"ఏమన్నా జరిగిందా అంటే, ఏమీ జరగలేదు తల్లీ! జరిమానా కట్టారు, చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు పెట్టెల మీద 'తెల్ల చేప' అని అంటిస్తున్నారు. అంతే! చేప అదే, బల్ల అదే, మన నడుంనొప్పీ అదే. సూపర్‌వైజరు పొద్దున్నే నిలబెట్టి 'అందరూ బాసా అనే పిలవాలి' అని గట్టిగా చెప్పాడు. చెప్పి అటు తిరిగాడో లేదో, ఆ నోటితోనే 'పండుగప్ప ఇంకో ట్రే' అని అరిచాడు! నవ్వలేక చచ్చాం."

అమ్మ నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అక్క కూడా నవ్వుతోంది. నాకెందుకో నవ్వు రాలేదు. అందరి గ్లాసుల్లో టీ పోశాను.

నవ్వు ఆగాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా చోట్లో ఎవరిని వేశారు?"

"ఒక కొత్త పిల్ల. మీ పెద్దదాని వయసుంటుంది. ఒక్క మాట మాట్లాడదు. పొద్దంతా నేను ఒక్కదాన్నే వాగాలి."

"నా కత్తి ఇచ్చారా దానికి?"

"అదే ఇచ్చారు."

అమ్మ టీ తాగడం పూర్తిచేసి గ్లాసు నాకు అందించింది.

"ఆ పిడి వదులైంది," అంది. "తడికి జారుతుంది. గుడ్డ చుట్టుకోమని చెప్పు."